కన్ను తెరిచిన తరువాత: తెలుగు క్రైస్తవ రచనలలో వెలుగు, చూపు, త్రోవ

ఇంతకుముందు భాగాలలో మీరు తెలుగు భక్తి కవిత్వాన్ని, తాత్త్విక పద్యాలను చదివారు. వాటిలో దీపం, కన్ను, చీకటి అనే మాటలు ఎంత తరచుగా వస్తాయో గమనించే ఉంటారు. అజ్ఞానమనే చీకటితో మూసుకుపోయిన కళ్లను గురువు జ్ఞానమనే కాటుకపుల్లతో తెరిపిస్తాడని చెప్పడం మన దేశంలో చాలా పాత అలవాటు. తత్త్వాలు పాడేవారు లోచూపు అన్నారు. శాస్త్రం తెలిసినవారు జ్ఞాననేత్రం అన్నారు. ఈ భాగంలో ఆ మాటలే క్రీస్తును గురించిన తెలుగు రచనలలోకి వచ్చినప్పుడు ఏ అర్థం తీసుకున్నాయో, ఎక్కడ బలపడ్డాయో, ఎక్కడ అరిగిపోయాయో పరిశీలిద్దాం.

ముందుగా ఒక మాట. ఇది మతబోధ కాదు, సాహిత్య విమర్శ. విశ్వాసం ఉన్న విద్యార్థి తనకు బాగా తెలిసిన కథే కదా అని వేగంగా చదివేసే ప్రమాదం ఉంది. విశ్వాసం లేని విద్యార్థి తనకు సంబంధం లేని కథ అని వదిలేసే ప్రమాదం ఉంది. ఇద్దరూ కొంచెం నెమ్మదిగా చదవాలని కోరుతున్నాం. వీలైతే యోహాను సువార్త 9వ అధ్యాయాన్ని, మార్కు సువార్త 8 నుంచి 10 వరకు ఉన్న అధ్యాయాలను పక్కన పెట్టుకోండి. కొత్త నిబంధన మొత్తం తెలుగులో 1818లోనే అచ్చయింది, బైబిలు మొత్తం 1854లో వచ్చింది. కాబట్టి ఇవి మన భాషలో రెండు వందల ఏళ్లుగా ఉన్న కథలు. తెలుగు వచనం ఎదిగిన తీరు తెలుసుకోవాలనుకునేవారు కూడా వీటిని చదవక తప్పదు.

ధారూరు జాతర, పర్ణశాలల పండుగ

మీలో కొందరు వికారాబాదు జిల్లా బంట్వారం, ధారూరు, తాండూరు వైపు నుంచి చదువుతూ ఉండవచ్చు. ఆ ప్రాంతంవారికి ఈ చర్చ ఇంటి ముందరిదే. వికారాబాదు, తాండూరు మధ్య రైలుమార్గంలో ఉన్న ధారూరులో ఏటా నవంబరులో మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. తెలంగాణ జిల్లాల నుంచే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా జనం వస్తారు. కుటుంబాలతో వచ్చి, గుడారాలు వేసుకొని, అక్కడే వండుకొని తిని, రోజుల తరబడి ఉంటారు. పగలు ప్రార్థనలు, రాత్రి పాటలు, ప్రసంగాలు. హైదరాబాదు సంస్థానంలో మెదకు వైపు బ్రిటిషు వెస్లియన్ మిషను పనిచేస్తే, వికారాబాదు, తాండూరు, జహీరాబాదు, బీదరు వైపు అమెరికను మెథడిస్టు మిషను పనిచేసింది. మెదకు సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోగా, ఈ వైపువారు మెథడిస్టులుగానే మిగలడానికి కారణం అదే.

సాహిత్య విద్యార్థిగా మీరు ఇక్కడ పట్టుకోవలసింది జాతర అనే మాటను. పండుగ, సభ, మహాసభ వంటి మాటలు ఉండగా ఇక్కడి ప్రజలు తమకు తెలిసిన మాటను తెచ్చుకున్నారు. యాత్ర అనే మాటే జాతర అయింది. యాత్ర అంటే నడక.

ఇప్పుడు యోహాను సువార్త చూడండి. క్రీస్తు తాను లోకానికి వెలుగునని చెప్పుకొన్న సందర్భం 8వ అధ్యాయంలో ఉంది. అయితే ఆ మాట ఎక్కడ, ఎప్పుడు పలికాడో తెలియాలంటే 7వ అధ్యాయానికి వెళ్లాలి. అది యెరూషలేములో పర్ణశాలల పండుగ కాలం. యూదులు ఇళ్లు వదిలి, ఆకులతో, కొమ్మలతో పందిళ్లు వేసుకొని ఏడు రోజులు వాటిలో ఉండేవారు. తమ పూర్వీకులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడి, ఎడారిలో గుడారాలలో బతికిన రోజులను గుర్తు చేసుకోవడానికి ఆ పండుగ. ఆ రాత్రుల్లో దేవాలయంలోని స్త్రీల ఆవరణలో పెద్ద పెద్ద దీపస్తంభాలు వెలిగించేవారని యూదుల సంప్రదాయ గ్రంథం మిష్నా చెబుతుంది. ఎడారి ప్రయాణంలో రాత్రివేళ అగ్నిస్తంభం జనం ముందు నడిచిందని నిర్గమకాండం చెప్పే కథ అందరికీ తెలిసిందే.

కాబట్టి ఆ మాట విన్నవారి మనసులో మెదిలే వెలుగు గూట్లో కదలకుండా ఉండే దీపం కాదు, ముందు నడిచే మంట. అది కదిలితే గుడారాలు పీకి కదలాలి. ఆగితే ఆగాలి. అందుకే ఆ వాక్యంలో వెలుగు అనే మాట వెంటనే వెంబడించడం అనే మాటతో ముడిపడింది. వెలుగును చూసేవాడు అనలేదు, ధ్యానించేవాడు అనలేదు. వెంట నడిచేవాడు చీకటిలో నడవడు అన్నాడు. ధారూరులో గుడారం వేసుకొని ఒక రాత్రి గడిపిన చదువరికి ఈ సందర్భం వ్యాఖ్యానం లేకుండానే అందుతుంది. పట్నంలో గదిలో కూర్చొని చదివేవారికి చెబితే గాని తట్టదు.

వెంబడి అనే మాట

వెంబడించు అనే క్రియను ఒకసారి పరిశీలించండి. నేటి పత్రికల తెలుగులో పోలీసులు దొంగను వెంబడిస్తారు, కుక్క పిల్లిని వెంబడిస్తుంది. తరమడం అనే అర్థమే ముందు తోస్తుంది. అందుకే కొత్తగా బైబిలు తెరిచిన విద్యార్థులు క్రీస్తును వెంబడించడం అనగానే కొంచెం తడబడతారు. ఇది అనువాద దోషమని కొందరు తొందరపడి రాశారు కూడా. నాకు అలా అనిపించదు. తెలంగాణ పల్లెల్లో నేటికీ ‘నా ఎంబడి రా’, ‘పిల్లగాడు తల్లి ఎంబడి పోయిండు’ అంటారు. అక్కడ ఎంబడి అంటే తోడుగా, వెనుకగా, అడుగులో అడుగు వేస్తూ అని. బంట్వారం వైపు ముసలమ్మకు ఈ మాట వివరించనక్కరలేదు. పాత అనువాదం ఆమె నోటి మాటను నిలిపి ఉంచింది, పత్రికల భాషే దానికి దూరం జరిగింది.

వెలుగు కూడా అలాంటి మాటే. ఎక్కువగా వాడుకలో ఉన్న పాత తెలుగు బైబిలులో యోహాను సువార్త నిండా ఈ తెలుగు మాటే కనిపిస్తుంది. జ్యోతి, ప్రకాశం అనే సంస్కృత పదాలు అందుబాటులో ఉన్నా అనువాదం ఇటు మొగ్గింది. దీని వల్ల ఒక మేలు జరిగింది. జ్యోతి అనగానే మనకు గుడి, హారతి, ధ్యానం గుర్తుకొస్తాయి. వెలుగు అనగానే తెల్లవారడం, కందిలి, పనికి పోవడం గుర్తుకొస్తాయి. పైగా వెలుగులోకి రావడం అంటే దాచినది బయటపడటమని కూడా మన భాషలో అర్థం ఉంది. చెడు చేసేవారు తమ పనులు బయటపడతాయని వెలుగుకు రారని ఇదే సువార్త 3వ అధ్యాయంలో ఉంది. ఆ రెండో అర్థం వెలుగు అనే మాటకు ఉన్నంత సహజంగా జ్యోతికి లేదు.

కందిలి పట్టుకొని పొలం గట్టు మీద నడిచిన వారికి తెలుసు: దాని మంట వైపు చూస్తూ నడిస్తే కళ్లు మిరుమిట్లు గొలిపి కాలు గుంటలో పడుతుంది. దాని వెలుగు పడిన నేలను చూడాలి. అది కూడా రెండు మూడు అడుగుల మేరకే. ఈ భాగంలో మనం పరిశీలించే రచనలన్నిటికీ ఈ భేదం పనికొస్తుంది. వెలుగును చూడటం ఒకటి, వెలుగులో చూడటం మరొకటి.

ఏడు వచనాల స్వస్థత, ముప్పైనాలుగు వచనాల విచారణ

యోహాను 9వ అధ్యాయం పుట్టుగుడ్డి కథ. ఈ కథను చాలామంది పాఠకులు ఒక అద్భుతకార్యంగా గుర్తుపెట్టుకుంటారు. ఉమ్మితో బురద చేసి కళ్లకు పూయడం, సిలోయము కోనేటిలో కడుక్కొమ్మని పంపడం, చూపు రావడం. అధ్యాయంలో మొత్తం 41 వచనాలు ఉంటే ఇదంతా మొదటి 7 వచనాలలో అయిపోతుంది. మిగిలిన 34 వచనాలు దేనికి? ఇరుగుపొరుగు వారు గుర్తుపట్టకపోవడానికి, పరిసయ్యులు ప్రశ్నించడానికి, తల్లిదండ్రులు భయపడి తప్పుకోవడానికి, మళ్లీ పిలిచి గద్దించడానికి, చివరకు సమాజమందిరం నుంచి వెలివేయడానికి. కథకుడు స్థలాన్ని ఎక్కడ ఖర్చు చేశాడో చూస్తే అతనికి ఏది ముఖ్యమో తెలుస్తుంది. ఇది విమర్శలో చాలా సులభమైన, చాలా నమ్మదగిన పద్ధతి. ఇతర కథలకు కూడా వాడి చూడండి.

ఇంకొక విశేషం. 8వ వచనం నుంచి 34వ వచనం వరకు క్రీస్తు రంగం మీద లేడు. చూపు వచ్చినవాడు తనకు చూపు ఇచ్చినవాడి ముఖాన్ని ఇంకా చూడలేదు. కోనేటికి పోయేటప్పుడు గుడ్డివాడుగానే పోయాడు కదా. తిరిగి వచ్చేసరికి ఆయన అక్కడ లేడు. అంటే చూపు వచ్చిన తొలి గంటల్లో అతడు చూసినవి ఏవి? నమ్మని పొరుగువారి ముఖాలు, కోపంతో ఉన్న పెద్దల ముఖాలు, భయపడిన తల్లిదండ్రుల ముఖాలు. ఆ ముఖాల మధ్య నిలబడి అతడు సాక్ష్యం చెబుతాడు. మొదట తనను బాగుచేసినవాడిని యేసు అనే ఒక మనిషి అంటాడు. తర్వాత ప్రవక్త అంటాడు. ఆ తర్వాత దేవుని దగ్గర నుంచి వచ్చినవాడు కాకపోతే ఇది చేయలేడని వాదిస్తాడు. వెలివేశాక, 35వ వచనంలో క్రీస్తు అతన్ని వెతుక్కుంటూ వచ్చాకగాని చూపు పూర్తికాదు. కన్ను ఒక్క క్షణంలో తెరుచుకుంది. తెలివి మాత్రం విచారణలో, ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెబుతూ పెరిగింది.

వెలి అనే మాట మన పల్లెలకు కొత్త కాదు. ఊరికి వెలుపల వాడ కట్టించి, బావి దగ్గరికి, గుడి దగ్గరికి రానివ్వని చరిత్ర ఉన్న చోట ఈ అధ్యాయాన్ని చదివినప్పుడు, ఆ 34 వచనాలకు ఒక బరువు వస్తుంది. దక్కనులో క్రైస్తవ సంఘాలలో చేరిన వారిలో అధికులు మాల, మాదిగ కులాలవారు. వారికి చూపు అనేది ధ్యానంలో కలిగే అనుభవం మాత్రమే కాదు. చదువు, పేరు, మాట్లాడే హక్కు కూడా అందులో ఉన్నాయి. విచారణ జరుపుతున్న పెద్దలతో ఆ బిచ్చగాడు మాట్లాడే తీరు చూడండి. ఇంతవరకు దారి పక్కన చేయి చాచినవాడు, ఇప్పుడు పండితులకే ఎదురు ప్రశ్న వేసి, మీరు కూడా ఆయన శిష్యులు కావాలనుకుంటున్నారా అన్న అర్థం వచ్చేలా దెప్పుతాడు. సువార్తలలో ఇంత హాస్యం ఉన్న సంభాషణ అరుదు. మన ప్రసంగాలలో ఈ హాస్యం దాదాపు వినబడదు. అతన్ని జాలిపడవలసిన గుడ్డివాడుగానే నిలబెడతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ పాఠాన్ని మీలో కొందరు చదవరు, వింటారు. చూపు లేని విద్యార్థులు దూరవిద్యలో ఎందరో ఉన్నారు. ఆధ్యాత్మిక అంధత్వం అనే ప్రతీకను అలవాటుగా వాడేవారు, అది వారి చెవిన ఎలా పడుతుందో ఆలోచించరు. గుడ్డితనాన్ని పాపంతో, అజ్ఞానంతో సమానం చేసే ప్రతి వాక్యం వారికి ఒక దెబ్బ. అయితే ఈ అధ్యాయం మొదలయ్యేదే ఆ సమీకరణాన్ని కొట్టివేస్తూ. ఇతడు గుడ్డివాడుగా పుట్టడానికి పాపం చేసింది ఇతడా, తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. ఇద్దరూ కాదని జవాబు. అధ్యాయం ముగిసే సరికి గుడ్డివారని తేలేది కళ్లున్న పెద్దలు, అదీ తమకు అన్నీ కనబడుతున్నాయని చెప్పుకొన్నందువల్ల. అంటే కథ ఈ ప్రతీకను బలహీనుడి మీద కాక బలవంతుల మీదికి తిప్పింది. తాము వెలుగులో ఉన్నామని, ఎదుటివారు చీకటిలో ఉన్నారని చెప్పుకొనే క్రైస్తవ రచయితకు కూడా ఈ అధ్యాయమే అడ్డు తగులుతుంది. మిషనరీల నివేదికలలోనూ, వాటిని అనుకరించిన మన కరపత్రాలలోనూ చీకటి అనే మాటను పొరుగువాడి మతానికి పేరుగా వాడటం కనిపిస్తుంది. అది సాహిత్యంగా బలహీనం, పాఠంగా తప్పుడు పఠనం.

రెండు స్వస్థతల మధ్య

మార్కు సువార్తలో ఇద్దరు గుడ్డివారు ఉన్నారు. 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడికి చూపు ఒక్కసారిగా రాదు. మొదట మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనబడతారు. రెండోసారి చేయి పెట్టాకే స్పష్టంగా కనబడుతుంది. 10వ అధ్యాయం చివర యెరికో దారిపక్కన అడుక్కునే బర్తిమయి వస్తాడు. ఊరుకొమ్మని జనం గద్దించినా అరుస్తాడు, పిలవగానే పైబట్ట పారేసి లేస్తాడు, చూపు రాగానే త్రోవ పట్టి ఆయన వెంట పోతాడు.

ఈ రెండింటి మధ్య ఏముంది? క్రీస్తు తన మరణాన్ని మూడుసార్లు ముందుగా చెప్పడం, శిష్యులు మూడుసార్లూ అర్థం చేసుకోలేకపోవడం. తమలో ఎవరు గొప్ప అని వాదించుకుంటారు, కుడి ఎడమల కుర్చీలు అడుగుతారు. కళ్లున్న శిష్యులకు మనుషులు చెట్లలా కనబడుతున్న స్థితి అన్నమాట. ఆ పక్కన బర్తిమయిని నిలబెట్టడం కథకుడి నేర్పు. మరో విషయం, అతడు పట్టిన త్రోవ ఎటు పోతుందో 11వ అధ్యాయం మొదటి మాటలోనే తెలుస్తుంది: యెరూషలేముకు, అంటే సిలువ వైపుకు. చూపు వచ్చినవాడు ఇంటికి పోయి ఉండవచ్చు. పొమ్మనే చెప్పాడు క్రీస్తు. అతడు పోలేదు.

మన పురాణ సంప్రదాయం తెలిసిన విద్యార్థికి ఇక్కడ ఒక పోలిక తట్టాలి. భీష్మపర్వం మొదట్లో వ్యాసుడు ధృతరాష్ట్రునికి యుద్ధం చూడటానికి చూపు ఇస్తానంటాడు. తన వారి చావును కళ్లతో చూడలేనని, వింటే చాలునని ఆయన వద్దంటాడు. అప్పుడు సంజయునికి దివ్యదృష్టి వస్తుంది. చూపును వద్దన్న ఆ రాజు సాహిత్యంలోని గొప్ప పాత్రలలో ఒకడు. చూస్తే భరించవలసి వస్తుందని అతనికి తెలుసు. దివ్యదృష్టి అనే భావన మన కథల్లో దూరాన్ని జయిస్తుంది, ఉన్నచోటు నుంచే అంతా కనబడుతుంది. బర్తిమయికి వచ్చింది మామూలు చూపు, ఎదురుగా ఉన్న మనిషి, కాళ్ల కింది దారి కనబడేంత. ఏది గొప్ప అని కాదు ప్రశ్న. ఒకటి కథ చెప్పడానికి పనికొచ్చే చూపు, మరొకటి నడవడానికి పనికొచ్చే చూపు. తెలుగు క్రైస్తవ రచయిత ఈ రెండు సంప్రదాయాలకూ వారసుడు కాబట్టి, అతని రచనలో ఏది పైచేయి అయిందో చూడటం విమర్శకుడి పని.

దర్శనం అనే మాటలోనూ ఇదే చిక్కు. దర్శనం చేసుకొని వచ్చామంటాం. వెళ్లడం, చూడటం, తిరిగి రావడం అందులో ఉన్నాయి. తిరిగి రాకపోవడం లేదు.

కీర్తన ఏం చేయగలదు, ఏం చేయలేదు

తెలుగు క్రైస్తవ కీర్తనకు పునాది వేసినవారిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) ముఖ్యుడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, మన కీర్తన సంప్రదాయంలోనే క్రీస్తును పాడాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే అనేక కీర్తనలకు పైన రాగం, తాళం రాసి ఉంటాయి. పల్లవి, చరణాలు ఉంటాయి. పాశ్చాత్య రాగాలకు తెలుగు మాటలు ఇరికించే పద్ధతి ఒక పక్క నడుస్తుండగా, ఈ పక్క మన నాలుకకు, మన చెవికి సరిపడే పాట నిలబడటం చిన్న విషయం కాదు.

కాని రూపం ఊరికే ఉండదు, అర్థాన్ని కూడా మలుస్తుంది. కీర్తనలో ప్రతి చరణం తర్వాత పల్లవికి తిరిగి వస్తాం. పల్లవిలో నా కన్నులు తెరువుమనే వేడుకోలు ఉంటే, చరణం ఎంత దూరం పోయినా పాట ఆ వేడుకోలు దగ్గరికే వస్తుంది. భక్తి గాఢం కావడానికి ఇది గొప్ప సాధనం. ఒకే కోరికను మళ్లీ మళ్లీ తలచుకొనే మనసుకు కీర్తన సరిగ్గా సరిపోతుంది. బర్తిమయి కేకలు కూడా ఒక పల్లవి వంటివే, జనం ఆపినకొద్దీ అదే మాట అరుస్తాడు. అయితే కళ్లు తెరుచుకున్నాక త్రోవ పట్టడం అనే మలుపును కీర్తన చూపించలేదు, లేదా చాలా కష్టపడితేగాని చూపించలేదు. పల్లవి మళ్లీ దారిపక్కకు లాక్కొచ్చి కూర్చోబెడుతుంది. ఆ మలుపు చెప్పడానికి కథాగానం కావాలి. బుర్రకథలోనో, యక్షగానంలోనో బర్తిమయి లేచి నడిచిపోగలడు. చర్చిలలో, జాతరలలో బుర్రకథ ఆదరణ పొందడం వెనుక వినోదం ఒక్కటే కారణం కాదని నేను అనుకుంటాను.

ఇటీవలి పాటల విషయానికి వస్తే, మొహమాటం లేకుండా చెప్పాలి. వెలుగు అనే మాట వాటిలో ప్రాస కోసం, నిడివి కోసం వచ్చి పడుతోంది. వెలుగు నింపుము, వెలుగు పంచుము అన్న ధోరణి. ఏ చీకటి? ఎవరి ఇంట్లో? వెలుగు వచ్చాక ఎవరు ఎక్కడికి పోయారు? ఈ మూడు ప్రశ్నలకు పాటలో ఎక్కడా ఆనవాలు ఉండదు. రాగం బాగుంటుంది, వింటున్నంతసేపు మనసు కదులుతుంది. పాట అయ్యాక చేతిలో ఏమీ మిగలదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మెదకు చర్చి చూసినవారు ఉంటారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ ఆలయంలో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. బయట నుంచి చూస్తే అవి నల్లటి గాజు పలకలు. లోపలికి పోతేనే బొమ్మ కనబడుతుంది, అదీ పగటి వెలుగు ఉన్నంతసేపే. బొమ్మ మారలేదు, గాజు మారలేదు, చూసేవాడు నిలబడిన చోటు మారింది. ప్రతీక అంటే ఏమిటో తరగతిలో ఎంత చెప్పినా తెలియనిది అక్కడ గడప దాటితే తెలుస్తుంది.

ఆరిపోయిన దీపం

గుర్రం జాషువ (1895–1971) క్రీస్తు జీవితాన్ని ‘క్రీస్తు చరిత్ర’గా పద్యాలలో రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ భాగానికి సహజంగా ఆ కావ్యమే ఉదాహరణ కావాలి. అయినా మిమ్మల్ని ముందుగా 1941లో వచ్చిన ‘గబ్బిలం’ దగ్గరికి తీసుకుపోతాను. క్రీస్తు కథ లేని, శివునికి సందేశం పంపే కావ్యం అది. విమర్శకు ఇది కొంచెం విచిత్రమైన దారి. కారణం చెబుతాను.

కాళిదాసు మేఘదూతం నమూనాగా సాగే ఈ సందేశకావ్యంలో నాయకుడు అంటరానివాడు, కవి అతన్ని అరుంధతి బిడ్డగా పరిచయం చేస్తాడు. రాత్రి గుడిసెలో ఒక గబ్బిలం జొరబడుతుంది. దాని రెక్కల గాలికి ఆముదపు దీపం ఆరిపోతుంది. ఆ చీకట్లో అతడు తన బాధ దానికి చెప్పుకొంటాడు. కాశీలోని శివుడికి చేరవేయమంటాడు. అతడు అడుగుపెట్టలేని గుడిలోకి గబ్బిలం పోగలదు. పగలు అందరూ చూసే వెలుగులో చోటు లేని ప్రాణి అది, అతనికీ లేదు.

వెలుగు ప్రతీకను ఇంత నిర్దాక్షిణ్యంగా తలకిందులు చేసిన రచన తెలుగులో మరొకటి నాకు తోచదు. వేరొక కవి అయితే ఆ దీపాన్ని మళ్లీ వెలిగించేవాడు, జ్ఞానదీపమనో ఆశాదీపమనో పేరు పెట్టేవాడు. జాషువ దాన్ని ఆరనిచ్చాడు. దీపం ఆరాకనే మాట మొదలైంది. ఆ మాట చీకటిలో నిలవదు, గుడి వైపు, దేశం మీదుగా ప్రయాణం కడుతుంది. నాయకుడు కదలలేడు కాబట్టి అతని మాట కదులుతుంది. యోహాను 9వ అధ్యాయంలో పెద్దల ముందు నిలబడి మాట్లాడిన వెలివేయబడ్డవాడికి, ఈ గుడిసెలోని మనిషికి చుట్టరికం ఉంది. ఇద్దరి ప్రశ్నా ఒక్కటే: నాకు కనబడుతోంది సరే, మీకు నేను కనబడుతున్నానా?

దీన్ని బట్టి గబ్బిలం క్రైస్తవ కావ్యమని నేను అనడం లేదు. అలా అంటే కావ్యానికీ, అందులోని శివునికీ అన్యాయం చేసినట్టే. సువార్తలోని ఆ అధ్యాయం ఏ వేడిలో పుట్టిందో ఆ వేడి, వెలుగు వెలుగు అని పలవరించే ఎన్నో భక్తిపాటలలో కంటే ఈ ఆరిపోయిన దీపంలో ఎక్కువగా ఉందంటున్నాను. దీనితో మీరు ఏకీభవించకపోవచ్చు. సందేశం శివునికి చేరడంతో ఆగుతుందా, నడక నిజంగా మొదలవుతుందా అని ఎదురు ప్రశ్న వేయవచ్చు. బర్తిమయి తన కాళ్ల మీద నడిచాడు, ఇక్కడ నడిచేది దూత. ఇది గట్టి అభ్యంతరమే. గబ్బిలాన్ని పూర్తిగా చదివి, దీనికి జవాబు మీరే వెతకాలి.

ఆ చదువు ముగిశాక ‘క్రీస్తు చరిత్ర’ తెరవండి. గుడిసెలో దీపాన్ని ఆర్పిన కవి, క్రీస్తు దగ్గరికి వచ్చేసరికి వెలుగు అనే మాటను ఎలా వాడుకున్నాడో, ఎక్కడ పాత అలంకారంగా వదిలేశాడో, ఎక్కడ దానికి బరువు ఇచ్చాడో పద్యం పద్యంగా గుర్తించండి.

మీరు చేయవలసిన పని

మీ ఊరిలో, లేదా ధారూరు వంటి జాతరలో, చూపు గురించో వెలుగు గురించో పాడే ఒక పాటను ఎంచుకోండి. అచ్చయిన పాటే కానక్కరలేదు, మీ నాయనమ్మ పాడేది కూడా పనికొస్తుంది. దాన్ని నోటుబుక్కులో ఎక్కించుకొని, పాడినవారి ఊరు, మీరు విన్న సందర్భం రాయండి. క్రియాపదాల కింద గీత గీయండి. చూడటానికి, అడగటానికి సంబంధించినవి ఎన్ని, నడవటానికి, పోవటానికి సంబంధించినవి ఎన్ని లెక్కపెట్టండి. పాటలో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలారో ఒక పేరాలో రాయండి. ఎవరూ కదలకపోతే, ఆ పాట నిలిచి ఉండటానికి వేరే కారణం ఏదో ఉంటుంది, దాన్ని పాడినవారినే అడిగి రాయండి.